సర్వర్ గదికి విడిగా మీటరు కావాలి

(ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడిలో తెలుగువారి సభలో ఒక ఇంజనీరింగ్ అధ్యాపకుడు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం.)

పెద్దలందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకు రండి బాబూ, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఈరోజు నన్ను మాట్లాడమన్న విషయం, ప్రభుత్వ ఆఫీసుల్లో క్లౌడ్ కంప్యూటింగ్, అందులో కరెంటు పొదుపు. వినగానే ఇది భువనేశ్వర్‌లో పెద్ద ఆఫీసర్లు చూసుకోవలసిన పని, మనకెందుకు అనిపిస్తుంది. మనకే కావాలండీ. జన సేవా కేంద్రానికి వెళ్లి ఆదాయం సర్టిఫికెట్‌కి దరఖాస్తు పెట్టేది మనం. భూమి రికార్డులుండే భూలేఖ్ వెబ్‌సైట్‌లో పట్టా చూసుకునేది మనం. అక్కడ "సర్వర్ డౌన్" అన్న మాట విని ఇంటికి తిరిగొచ్చేదీ మనమే. ఆ సర్వర్, అంటే మన వివరాలు దాచి అడిగినప్పుడు అందించే కంప్యూటర్, అది తినే కరెంటు బిల్లు కూడా మన డబ్బే కదా?

ముందు క్లౌడ్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పేస్తాను, తెలిసినవాళ్లు ఓపిక పట్టండి. ప్రతి ఆఫీసూ తన కంప్యూటర్ తానే కొనుక్కుని, తన గదిలో పెట్టుకుని, దానికో ఏసీ, కరెంటు పోతే బ్యాటరీతో ఆదుకునే యూపీఎస్, ఒక జనరేటర్ పెట్టుకోవడం పాత పద్ధతి. అలాకాకుండా ఒకచోట పెద్ద డేటా సెంటర్ కట్టి, అక్కడి యంత్రాలను అన్ని శాఖలూ కలిసి వాడుకోవడం, ఎవరికి ఎంత కావాలో అంతే తీసుకోవడం, పని అయిపోయాక వదిలేయడం, ఇదే క్లౌడ్. మన కేంద్ర ప్రభుత్వం దీనికి మేఘరాజ్ అని పేరు పెట్టి 2014లో మొదలుపెట్టింది. కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్ఐసీ వారికి ఢిల్లీ, పుణె, హైదరాబాద్, భువనేశ్వర్‌లలో నేషనల్ డేటా సెంటర్లు ఉన్నాయి. భువనేశ్వర్‌ది 2018లో వచ్చింది. రాష్ట్రానికి సొంత డేటా సెంటర్ వేరే ఉంది.

సరే, ఇందులో కరెంటు పొదుపు ఎక్కడినుంచి వస్తుంది? చాలామంది అనుకునేదేమిటంటే, కొత్త యంత్రాలు కాబట్టి తక్కువ తింటాయని. అది కొంతవరకే నిజం. అసలు సంగతి వేరే ఉంది. దయచేసి దీన్ని కొంచెం శ్రద్ధగా వినండి, ఎందుకంటే నేను చెప్పబోయేదంతా దీనిమీదే నిలబడి ఉంది.

సర్వర్ పని చేసినా కరెంటు తింటుంది, చేయకపోయినా తింటుంది. గింజ వెయ్యకుండా రైస్ మిల్లు ఆడిస్తే మోటారు కరెంటు లాగదా? అలాగే. గూగుల్‌లో పనిచేసిన బరోసో, హోల్జ్లే అనే ఇద్దరు ఇంజనీర్లు 2007లో దీన్ని లెక్కలతో చూపించారు. సర్వర్లు ఎక్కువసేపు తమ శక్తిలో 10 నుంచి 50 శాతం పనే చేస్తున్నాయి. కానీ ఏ పనీ లేకుండా ఊరికే ఉన్నప్పుడు కూడా, పూర్తి పనిలో తినే కరెంటులో దాదాపు సగం తింటున్నాయి. ఆ తర్వాత వచ్చిన యంత్రాల్లో ఈ తేడా చాలా మెరుగుపడింది, అది ఒప్పుకోవాలి. కానీ మన జిల్లా ఆఫీసుల్లో ఉన్నవి ఎప్పటివి? పదేళ్లు దాటినవి కూడా ఉన్నాయి.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. పిల్లలూ, సెల్‌ఫోన్లు తీయండి, నాతోపాటు మీరూ వేయండి. ఒక సర్వర్ పూర్తి పనిలో 300 వాట్లు తింటుంది, ఊరికే ఉంటే 150 వాట్లు. ఇది ఉదాహరణకు అనుకుంటున్నది. ఒక జిల్లాలో పది శాఖలు, పది సర్వర్లు. ఒక్కొక్కటి పదో వంతు పని చేస్తోంది. అంటే ఊరికే తినే 150కి ఇంకో 15 కలిసి ఒక్కొక్కటి 165 వాట్లు. పదీ కలిపి 1,650 వాట్లు. రాత్రీ పగలూ, ఆదివారాలు, సంక్రాంతి, రథయాత్ర, అన్ని రోజులూ. వీటికి తోడు గదిలో ఏసీ ఉంది, యూపీఎస్‌లో పోయేది ఉంది. చిన్న గదుల్లో అది సర్వర్లు తినేదానితో సమానంగా ఉండటం మామూలే. కాబట్టి 3,300 వాట్లు. ఏడాదికి ఎంతయింది బాబూ? దాదాపు 29 వేల యూనిట్లు.

ఇప్పుడు అదే పనిని రెండు సర్వర్లలోకి సర్దుదాం. పదో వంతు పని చేసేవి పది కాబట్టి, రెండు యంత్రాలు సగం సగం పని చేస్తే సరిపోతుంది. ఒక్కొక్కటి 225 వాట్లు, రెండూ కలిసి 450. మంచి డేటా సెంటర్లో ఏసీకి, మిగతావాటికి ఇంకో సగం కలుపుకుంటే 675 వాట్లు. ఏడాదికి 6 వేల యూనిట్లు కూడా కాదు. 29 వేలెక్కడ, 6 వేలెక్కడ? మన దేశంలో ఒక యూనిట్ కరెంటు తయారైతే సగటున 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తోంది. మిగిలిన 23 వేల యూనిట్లకు అది 16 టన్నులు. ఇదంతా పది యంత్రాల లెక్క. ఇలాంటి గదులు రాష్ట్రం మొత్తంలో ఎన్ని ఉంటాయో మీరే ఆలోచించండి.

ఒక యంత్రంలో పది శాఖల పని ఎలా ఇముడుతుంది, ఒకరి ఫైళ్లు ఇంకొకరు చూడరా అని ముందు వరసలో మాస్టారు ఇందాక అడిగారు. ఒకే యంత్రంలో పది వేర్వేరు కంప్యూటర్లు ఉన్నట్టు విడగొట్టే సాఫ్ట్‌వేర్ ఉంది, దాన్ని వర్చువలైజేషన్ అంటారు. రెవిన్యూవాళ్లకు తమ కంప్యూటర్ ఒక్కటే కనిపిస్తుంది, పక్కనున్న వైద్యశాఖది కనిపించదు. ఇంకో సౌకర్యం ఏమిటంటే, రాత్రిపూట పని తగ్గినప్పుడు అన్నింటినీ రెండు మూడు యంత్రాల మీదికి నడుస్తుండగానే జరిపేసి, మిగతావాటిని ఆపెయ్యొచ్చు.

ఇది ఒట్టి మాటే అనుకోకండి. 2020లో సైన్స్ పత్రికలో మసనెట్ అనే ఆయన, ఇంకొందరు కలిసి ప్రపంచ డేటా సెంటర్ల లెక్క తీశారు. 2010 నుంచి 2018 వరకు వాటిలో జరిగే పని 550 శాతం పెరిగింది. కరెంటు వాడకం 6 శాతమే పెరిగింది. చిన్న గదుల్లోని యంత్రాలు పెద్ద డేటా సెంటర్లకు చేరడం, ఒక యంత్రంలో ఎక్కువ పని సర్దడం, ఇవే అందులో ముఖ్య కారణాలు.

గదిలో చలి ఎందుకు?

ఏసీ గురించి కొంచెం మాట్లాడాలి. ఎలక్ట్రికల్ ఆడిట్ల పనిమీద ఈ జిల్లాలోనూ గంజాం జిల్లాలోనూ కొన్ని సర్వర్ గదులు చూశాను. ఆఫీసుల పేర్లు చెప్పను, అక్కడ పనిచేసేవాళ్లు మంచివాళ్లు, వాళ్లకు ఎవరూ చెప్పలేదు. దాదాపు ప్రతిచోటా ఏసీ 18 మీద ఉంటుంది. తలుపు కింద సందు ఉంటుంది. సర్వర్ వెనకనుంచి వచ్చే వేడిగాలి తిరిగి ముందుకే వస్తుంది. గదిలో సగం పాత ఫైళ్ల కట్టలు. "చల్లగా ఉంటే మెషిన్‌కి మంచిది కదండీ" అంటారు.

ఎంత చల్లగా? అష్రే అని ఏసీ ఇంజనీర్ల అంతర్జాతీయ సంఘం ఉంది. సర్వర్‌లోకి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే చాలని వాళ్లు 2008లోనే చెప్పారు. అంటే 18 అనేది అడుగు గీత. మనవాళ్లు అడుగు గీతనే పట్టుకుని కూర్చున్నారు. 24, 25కి పెంచితే యంత్రానికి ఏమీ కాదు, బిల్లు తగ్గుతుంది. ఒక్క జాగ్రత్త ఉంది. యూపీఎస్ బ్యాటరీలు వేడికి తట్టుకోలేవు. లెడ్ యాసిడ్ బ్యాటరీ 25 డిగ్రీల దగ్గర ఉండాలి, పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగమైపోతుంది. అందుకని బ్యాటరీలకు చిన్న గది వేరుగా కట్టుకుని దాన్ని మాత్రం చల్లగా ఉంచుకుంటే సరిపోతుంది. వాటికోసం గది మొత్తాన్ని చలిలో పెట్టక్కర్లేదు.

దీన్ని కొలిచే లెక్కను పీయూఈ అంటారు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. డేటా సెంటర్‌లోకి వచ్చిన మొత్తం కరెంటును, అందులో కంప్యూటర్లు తిన్న కరెంటుతో భాగిస్తే వచ్చేది పీయూఈ. వచ్చిందంతా కంప్యూటర్లకే పోతే 1. ఏసీకి, దీపాలకు, యూపీఎస్‌కి అంతే పోతే 2. ప్రపంచ సగటు ఈమధ్య సంవత్సరాల్లో 1.5, 1.6 మధ్య ఉంటోంది. గూగుల్ తన డేటా సెంటర్ల సగటు 1.1 దగ్గర ఉందని ఏటా ప్రకటిస్తుంది. మన జిల్లా ఆఫీసు సర్వర్ గది పీయూఈ ఎంత? ఎవరైనా చెప్పగలరా? చెప్పలేరు, ఎందుకంటే ఆ గదికి విడిగా మీటరే లేదు. ఆఫీసు మొత్తానికి ఒకే బిల్లు. ఫ్యాన్లు, లైట్లు, సర్వర్లు అన్నీ అందులోనే. కొలవకుండా పొదుపు చేశామని ఎలా చెప్తాం?

నాకు బాధ కలిగించేది ఇంకొకటి ఉంది. క్లౌడ్‌కి మారాం అని ఒక ఆఫీసులో చెప్పారు. సంతోషం. గదిలోకి వెళ్లి చూస్తే పాత సర్వర్ల దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, ఏసీ నడుస్తూనే ఉంది. ఎందుకండీ అంటే, "ఏదైనా అవసరం పడొచ్చు, ఆపమని ఆర్డర్ రాలేదు" అన్నారు. కొత్తచోట కరెంటు ఖర్చవుతోంది, పాతచోటా ఖర్చవుతోంది. ఇలా అయితే క్లౌడ్ వల్ల కరెంటు పెరిగింది కానీ తగ్గిందా? అక్కడి గుమాస్తా తప్పేమీ లేదు. ప్రభుత్వ యంత్రాన్ని ఆపాలంటే స్టాక్ రిజిస్టర్‌లోంచి కొట్టెయ్యాలి, కమిటీ వెయ్యాలి, డిస్కులోని సమాచారం పూర్తిగా చెరిపినట్టు సంతకం కావాలి. ఆ సంతకం పెట్టడానికి ఎవరికి ధైర్యం ఉంటుంది? కాబట్టి డేటా తరలించే ఆర్డర్‌లోనే పాత గది ఏ తేదీకి మూసెయ్యాలో, ఎవరు సంతకం పెట్టాలో రాసి ఉండాలి. ఈ ఒక్క పేరా లేకపోతే పొదుపు కాగితం మీదే మిగులుతుంది.

క్లౌడ్‌లోనూ ఇదే జబ్బు ఉంది. ఏదో పథకం కోసం పది వర్చువల్ కంప్యూటర్లు తీసుకుంటారు. పథకం అయిపోతుంది, ఆఫీసరు బదిలీ అయిపోతారు, అవి అలాగే నడుస్తుంటాయి. ఆరునెలలకోసారి జాబితా తీసి, యజమాని లేనివాటిని ఆపాలి.

తుపానుకి రెండు కాపీలు

ఇక మన ప్రాంతానికి వద్దాం. అంతా భువనేశ్వర్‌లో పెట్టాం, బాగానే ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది, మన జిల్లా ఎలా అయిపోయిందో ఇక్కడున్నవాళ్లకు నేను చెప్పాలా? కొండచరియలు, వరద, రోజుల తరబడి కరెంటు లేదు. ఆ మరుసటేడు మే 3న ఫొని పూరీ దగ్గర దాటి భువనేశ్వర్‌నే చీకట్లో పడేసింది. అంటే రెండో కాపీ ఇంకోచోట, ఈ తీరానికి దూరంగా ఉండి తీరాలి. కానీ రెండో కాపీ అంటే రెండింతల కరెంటు అనుకుంటున్నారా? అక్కర్లేదు. సమాచారం మాత్రం ఎప్పటికప్పుడు అక్కడికి చేరుతుండాలి, దానికి పెద్ద ఖర్చు లేదు. దాన్ని నడిపే యంత్రాలు పడుకోబెట్టి ఉంచి, అవసరం వచ్చినప్పుడు లేపుకోవచ్చు. లేవడానికి కొన్ని నిమిషాలో గంటో పడుతుంది. ఆస్పత్రి రికార్డుకీ, తుపాను హెచ్చరికకీ ఆ గంట ఆగలేం, వాటికి రెండుచోట్లా మెలకువగానే ఉండాలి. కుల ధ్రువీకరణ పత్రం గంట ఆగదా? ఏది ఆగగలదు, ఏది ఆగలేదు అని శాఖలు కూర్చుని విడదీయాలి. ఇప్పుడు అన్నీ అత్యవసరమే అని రాసి పంపేస్తున్నారు.

కొండమీద బ్లాకుల సంగతి వేరు. మోహన, నువాగడ, గుమ్మ వైపు వెళ్లండి. ఇంటర్నెట్ లింకు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు. పొద్దున్నే దిగివచ్చిన మనిషి లింకు లేదని సాయంత్రం దాకా కూర్చుని ఖాళీ చేతులతో కొండెక్కుతాడు. భువనేశ్వర్‌లో వంద యూనిట్లు మిగిల్చి ఇక్కడ ఒక మనిషి చేత రెండుసార్లు జీపెక్కిస్తే అదేం పొదుపు? ఆ జీపు డీజిల్ ఏ పీయూఈలోనూ కనిపించదు. అందుకని కౌంటర్లో ఉన్న కంప్యూటర్ లింకు లేకపోయినా దరఖాస్తు తీసుకుని, రసీదు ఇచ్చి, లింకు వచ్చాక పైకి పంపేలా ఉండాలి. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు ఇది కష్టమైన పనేమీ కాదు, టెండర్‌లో అడగాలి అంతే.

సరిహద్దులో ఉన్నవాళ్లకు ఇంకో లాభం కూడా చెప్పాలి. మన పిల్లలు పాతపట్నం, శ్రీకాకుళం, విశాఖ వెళ్లి చదువుతారు. ఒడిశా సర్టిఫికెట్ పట్టుకెళ్తే అక్కడ అది అసలుదా కాదా అని అనుమానం, మళ్లీ ఇక్కడికి తిరగడం. పత్రాలను ఫోన్‌లో చూసుకునేలా దాచే ప్రభుత్వ సేవ డిజిలాకర్ ఉంది కదా, అందులోకి శాఖే నేరుగా పంపిన పత్రం అసలు పత్రంతో సమానమని 2016 నిబంధనల్లో ఉంది. ఇది ఇంకా చాలామందికి తెలియదు. అమ్మా, మీ పిల్లల మార్కుల పత్రాలు అందులో ఉన్నాయేమో ఇంటికెళ్లి ఒకసారి చూడండి.

స్కానింగ్ గురించి రెండు మాటలు, ఇక్కడ రెవిన్యూవాళ్లు కూర్చున్నారు కాబట్టి. ఒక ఏ4 కాగితాన్ని 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున, రంగుల్లో తీస్తే, కుదించకముందు 26 ఎంబీ. అదే నలుపు తెలుపులో ఒక ఎంబీ దాటి కొంచెం. ఫైలు పెద్దదైతే దాన్ని దాచే డిస్కులూ, వాటికి కరెంటూ ఎక్కువ కావాలి. టైపు చేసిన మామూలు ఉత్తరానికి రంగులెందుకు? పాత పటాలు, వెలిసిపోయిన ముద్రలు ఉన్న పట్టాలు, అవి మాత్రం రంగుల్లోనే తియ్యాలి, అక్కడ పీనాసితనం వద్దు. ఎవరూ పదేళ్లుగా తెరవని ఫైళ్లను తిరిగే డిస్కుల మీద కాకుండా టేపు మీద పెట్టొచ్చు. ఊరికే ఉన్న టేపుకి కరెంటు అక్కర్లేదు.

రాత్రి చేసే పెద్ద పనుల సంగతి కూడా మార్చుకోవచ్చు. జీతాల లెక్కలు, రేషన్ కేటాయింపులు, ఇవన్నీ రాత్రిపూట నడపడం అలవాటు. ఇప్పుడు మన దేశంలో మధ్యాహ్నం సోలార్ కరెంటు ఎక్కువగా ఉంటోంది, రాత్రిపూట ఎక్కువగా బొగ్గే. 2023లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం ఎండ ఉన్న గంటల్లో కరెంటు ధర మామూలుకంటే కనీసం 20 శాతం తక్కువ ఉండాలి. కౌంటర్ల రద్దీకి అడ్డం రాకుండా, ఆగగలిగిన పనులను ఆ గంటల్లోకి జరిపితే రెండు రకాలా మంచిది. గూగుల్ 2020 నుంచి ఇలాంటి పని చేస్తోంది.

గూగుల్ అంటే గుర్తొచ్చింది, మీలో చాలామంది అడగాలనుకుంటున్నది కూడా అదే. విశాఖలో పెద్ద డేటా సెంటర్ కడతామని 2025 అక్టోబరులో ప్రకటించారు, గిగావాట్ స్థాయిలో. గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు. మన బలిమెల జలవిద్యుత్ కేంద్రం ఎంత? 510. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం ఎంత? సుమారు 120. ఈ రెండూ కలిపినా చాలదన్నమాట. ప్రపంచంలో డేటా సెంటర్లు 2024లో 415 టెరావాట్ అవర్ల, అంటే 41,500 కోట్ల యూనిట్ల కరెంటు వాడాయని, అది మొత్తం కరెంటులో ఒకటిన్నర శాతమని, 2030కి అది రెట్టింపు దాటుతుందని అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క వేసింది. ఈ పెరుగుదలకు ముఖ్య కారణం ఏఐ, అంటే కృత్రిమ మేధ. మసనెట్ లెక్కలో చూసిన ఆ మంచి కాలం, పని పెరిగినా కరెంటు పెరగని కాలం, ఇప్పుడు లేదు.

అందువల్ల ప్రభుత్వం ఏఐని ఎక్కడ వాడాలో ఎంచుకోవాలి. నా దరఖాస్తు ఎక్కడిదాకా వచ్చింది అని అడిగితే చెప్పడానికి ఏఐ ఎందుకు? పట్టికలో ఒక వరస చూసి చెప్పే పని అది. కానీ గుమ్మ కొండమీద సవర ముసలమ్మ తన భాషలో ఫోన్‌లో అడిగితే, తన భాషలోనే జవాబు రావడం, అది వేరు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్లోనే ఉండి సవర భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలో బడులు పెట్టారు. ఆ పనికి ఎంత కరెంటు ఖర్చయినా నేను అభ్యంతరం చెప్పను. ఊరికే నడిచే సర్వర్లలో మిగిల్చిన యూనిట్లు అలాంటిచోట పెట్టాలని నా కోరిక.

ఇక మనం ఏం చెయ్యగలం? సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. మీ శాఖలో ఎన్ని సర్వర్లు నడుస్తున్నాయి, ఏ సంవత్సరంలో కొన్నవి, క్లౌడ్‌కి మారిన తర్వాత ఎన్ని ఆపారు, సర్వర్ గదికి విడిగా మీటరు ఉందా, ఉంటే పోయిన ఏడాది నెలవారీ యూనిట్లు ఎన్ని. ఈ ప్రశ్నలు రాసి ఇవ్వండి. భద్రతకు సంబంధించినది ఏదీ అడగడం లేదు కాబట్టి కాదనడానికి కారణం ఉండదు. ఇక్కడున్న ఉద్యోగులకు ఇంకో విన్నపం. కొత్త టెండర్ రాసేటప్పుడు ధర, వేగంతోపాటు పీయూఈ ఎంతో ప్రతి నెలా చూపాలని ఒక షరతు చేర్చండి. మీటరుకు పెద్ద ఖర్చేమీ కాదు, ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే ఒక్క పూట పని.

దరఖాస్తు నమూనా ఒరియాలో, తెలుగులో రాసి తెచ్చాను, ద్వారం దగ్గర బల్లమీద ఉంది. ఇప్పుడు ప్రశ్నలు అడగండి. మాస్టారూ, ఇందాక మీరు సమాచార భద్రత గురించి ఇంకో ప్రశ్న ఉందన్నారు, ముందు అది అడగండి.